50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్: ఐదేళ్ల వాడకం తర్వాత

క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) ఉన్న కెమెరా మీద ఐదేళ్లుగా ఈ లెన్స్ వాడుతున్నాను. ఎక్కువగా ఖిలా వరంగల్, వేయిస్తంభాల గుడి, రామప్ప, బతుకమ్మ సాయంత్రాలు. దీన్ని కొనాల్సింది వెలుతురు కోసం. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుని వెలుతురు ఎక్కువ తీసుకుంటుంది, కానీ ఫోకస్‌లో ఉండే లోతు అంత తగ్గుతుంది. వెనకంతా మసకగా రావాలన్న మోజుతో ప్రతిదీ 1.8 దగ్గరే తీస్తే ఫోకస్ తప్పిన ఫొటోలే మిగులుతాయి.

కెమెరాతో వచ్చే 18–55 లెన్స్ 55 దగ్గర ఎఫ్ 5.6 మించి తెరుచుకోదు. దానికంటే ఇది పదింతల దాకా వెలుతురు తీసుకుంటుంది. అక్కడ ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 కావాల్సిన చోట ఇక్కడ 640తో పనైపోతుంది. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి కనుక, వేయిస్తంభాల గుడిలో చేత్తో పట్టుకుని తీసేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. కాకపోతే క్రాప్ సెన్సర్ మీద ఇది 75–80 ఎంఎం లెన్స్‌లా ఇరుకుగా చూపిస్తుంది. ఒక స్తంభం, దాని మీది చెక్కడం వస్తాయి, మండపం మొత్తం రాదు. అందుకే 18–55ను అమ్మేయొద్దు.

బతుకమ్మను మీటరు దూరం నుంచి 1.8 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చేది సుమారు 3 సెంటీమీటర్ల మందమే. పైన పసుపు గౌరమ్మ మీద ఫోకస్ పెడితే, కింది వరుసల గునుగు, తంగేడు ముద్దగా కలిసిపోతాయి. మీటరున్నర దూరానికి వెనక్కి జరిగి, మోకాళ్ల మీద కూర్చుని, ఎఫ్ 5.6 పెట్టి, నడిమి వరుస మీద ఫోకస్ చేయండి. 20 సెంటీమీటర్ల లోతు దొరుకుతుంది, తాంబాలం అంచు నుంచి గౌరమ్మ దాకా పూరేకులు విడివిడిగా కనిపిస్తాయి. మనుషుల ముఖాలకైతే ఎఫ్ 2.8 నా లెక్క. 1.8లో దగ్గరి కన్ను స్పష్టంగా వచ్చి చెవి కరిగిపోతుంది.

చీకటి పడ్డాక తిరుగుతూ ఆడేవాళ్లకు షట్టర్ వేగం 1/200 సెకనుకు తగ్గొద్దు. అయితే మన కరెంటు 50 హెర్ట్జ్. లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. చవక ఎల్ఈడీల కింద 1/200లో ఫొటోకు అడ్డంగా చీకటి పట్టీలు పడతాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే 1/100కు దిగి, చప్పట్లు కలిసే క్షణంలో తీయండి. అప్పుడు చేతుల కదలిక కాస్త ఆగుతుంది.

తంగేడు పసుపు కెమెరాను మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది, కానీ ఎరుపు చానెల్ అప్పటికే కుడి గోడకు, అంటే గరిష్ఠ వెలుతురుకు, తగిలి ఉంటుంది, రేకుల మీది గీతలు పోతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూసి, ఎక్స్‌పోజర్ -0.7 దాకా తగ్గించి, రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని అసలు డేటా) తీయండి. ఎడిటింగ్‌లో సాచురేషన్ (రంగు గాఢత) జోలికి పోవద్దు. హైలైట్స్ తగ్గించి, పసుపు ల్యూమినెన్స్‌ను (ఆ రంగు వెలుగును) -15 వరకు దించితే రేకు మళ్లీ రేకులా కనిపిస్తుంది.

రామప్ప మదనికల (చూరు కింది స్త్రీ శిల్పాల) దగ్గర కథ వేరు. నల్లరాయి ఫ్రేమంతా నిండితే కెమెరాలోని వెలుతురు మీటరు దాన్ని బూడిద రంగు చేసేస్తుంది, నునుపు మెరుపు పోతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ -1 పెట్టండి. చూరు పక్కన ఆకాశం కూడా వస్తే లెక్క తిరగబడుతుంది, శిల్పం నల్లని నీడవుతుంది. అప్పుడు స్పాట్ మీటరింగ్‌తో రాయినే కొలిచి, ఆ -1 అలాగే ఉంచండి. ఆకాశం తెల్లబారినా పర్వాలేదు. 1.8లో ఆ అంచు వెంట ఊదా గీత కూడా వస్తుంది. ఎఫ్ 4 పెడితే దాదాపు పోతుంది, మిగిలింది ఎడిటింగ్‌లో డీఫ్రింజ్ అనే సాధనంతో తుడవచ్చు.

మేడారం దుమ్ములో లెన్స్ అస్సలు మార్చొద్దు. సెన్సర్ మీద పడిన రేణువు 1.8లో కనపడదు, ఎఫ్ 11లో ఆకాశం మీద మచ్చై తేలుతుంది. వానకాలంలో గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. పాత లెన్స్ కొనేవాళ్లు వెనక నుంచి టార్చ్ కొట్టి చూడాలి. అద్దం లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు.