గంటలా, పాయింట్లా, పూర్తయిన స్టోరీల లెక్కా: అంచనాకు ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ పని ఎప్పటికి అవుతుందో ముందే చెప్పడానికి మా దగ్గర మూడు దారులున్నాయి: గంటలు, పాయింట్లు, పూర్తయిన స్టోరీల లెక్క. స్టోరీ అంటే వాడేవాళ్లకి పనికొచ్చే ఒక చిన్న పని ముక్క. ముందు గంటల సంగతి చూద్దాం. విశాఖలో గాజువాక నుంచి రుషికొండలో ఆఫీసుకి ఎంతసేపని అడిగితే మా టీంలో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్లది ఒక లెక్క, పొద్దున్నే బండి మీద వచ్చేసేవాళ్లది ఇంకో లెక్క. పనిని గంటల్లో చెప్పడంలో చిక్కు ఇదే. పనితో పాటు చేసే మనిషి, ఆ రోజు పరిస్థితి కూడా అందులో కలిసిపోతాయి. పైగా ‘ఆరు గంటలు’ అని నోటినుంచి వచ్చిందంటే సాయంత్రానికి అది ఇచ్చిన మాటైపోతుంది. రోజూ వచ్చే ఒకే రకం సపోర్టు టికెట్లకు మాత్రం గంటలే చాలు.

స్టోరీ పాయింట్లు ఒక పని ఇంకో పనికంటే ఎంత పెద్దదో చెప్తాయి. ఈ పాయింట్లు వేయడానికి సాఫ్ట్‌వేర్ నిపుణుడు జేమ్స్ గ్రెనింగ్ 2002లో ప్లానింగ్ పోకర్ పద్ధతిని వివరించాడు. 1, 2, 3, 5, 8, 13 ఉన్న కార్డుల్లో ఒక్కొక్కరూ తమ అంచనాకు తగ్గది బోర్లించి, అందరూ ఒకేసారి తిప్పాలి. సీనియర్ ముందే అంకె చెప్పేస్తే మిగతావాళ్లు అక్కడే ఆగిపోతారు కదా! మొన్న రిఫండ్ స్టోరీకి నలుగురం 3 చూపించాం, ఆర్నెల్ల కిందట చేరిన అమ్మాయి 13 చూపించింది. ఎందుకమ్మా అంటే, “ఐదు వస్తువులు కొని రెండే వెనక్కిస్తే కూపన్ తగ్గింపు దేనికెంత పంచాలి అన్నా?” అంది. మా దగ్గర జవాబు లేదు. ఆ స్టోరీని అప్పుడే మూడు ముక్కలు చేశాం. పాయింట్లంటే నాకు గౌరవం ఇలాంటి ప్రశ్నల వల్లే.

అయితే వాటితో తేదీ చెప్పబోతేనే తంటా. ఇంతకుముందు పనిచేసిన చోట రెండు టీముల పాయింట్లు పక్కపక్కన పెట్టి పోల్చేవారు. తమ టీమే ఎక్కువ చేసినట్టు కనిపించాలని, రెండు నెలలు తిరక్కుండానే నిన్నటి 3 కాస్తా 5 అయింది. పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానన్న రాన్ జెఫ్రీస్ కూడా, వాటి దుర్వినియోగం చూసి 2019లో విచారం వెలిబుచ్చాడు.

తేదీకి నేను నమ్మేది పూర్తయిన స్టోరీల లెక్క. ఉదాహరణకు గత 8 స్ప్రింట్లలో (స్ప్రింట్ అంటే ముందే అనుకున్న కొద్ది వారాల పని విడత) ఒక టీం 7, 9, 4, 8, 6, 9, 5, 8 స్టోరీలు ముగించింది, ఇంకా 42 ఉన్నాయి అనుకుందాం. సగటు 7 కాబట్టి 6 స్ప్రింట్లు అనేస్తాం. అదెంత నమ్మొచ్చో చూడాలంటే ఆ 8 అంకెల్నీ చీటీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసి, మొత్తం 42కి చేరేదాకా తీస్తూ పోండి. ఎన్నిసార్లు తీశారో అన్ని స్ప్రింట్లు పట్టినట్టు. ఈ ఆట స్ప్రెడ్‌షీట్‌లో వేలసార్లు ఆడిస్తే, 6 స్ప్రింట్లలో పని అయ్యేది సుమారు సగం సార్లే. 7 అనుకుంటే నూటికి 90 పైనే. రెండు వారాల స్ప్రింటైతే క్లయింటుకి 12 కాదు, 14 వారాలని చెప్పాలి.

స్టోరీలు మరీ పెద్దవీ మరీ చిన్నవీ కాకుండా కోసుకుంటేనే ఇది పనిచేస్తుంది. కొత్త టీంకి చీటీలే ఉండవు కాబట్టి మొదటి నాలుగైదు స్ప్రింట్లు కార్డులతోనే నడపాలి. మధ్యలో ఇద్దరు మారితే పాత చీటీలు పక్కనపెట్టి మళ్లీ రాసుకోవాల్సిందే.