కోరింగ పిట్టలు, కాకినాడ లాడ్జి బిల్లు

పిట్టల ఫొటోల కోసం కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవికి వెళ్లాలనుకుంటే బస సంగతి ముందు తేల్చుకోండి. కాకినాడలో మేం దిగిన చోట ఏసీ గది 1,800. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరతామని రాత్రే చెప్పాం. “ఆయ్, షట్టర్ తీయిస్తానండి” అన్నాడు కౌంటర్లో కుర్రాడు. ఐదింటికి కిందికి దిగితే షట్టర్‌కి తాళం, వాచ్‌మన్ జాడ లేదు. మా బావ బాదీ బాదీ చివరికి కెమెరా బ్యాగు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. తీసేసరికి ఆరున్నర. చలికాలంలో కూడా మెత్తటి వెలుతురు ఎనిమిదిన్నర దాటితే ఉండదు. ఎండెక్కాక నీళ్ల మీద గాలి కదిలిపోతూ ఉంటుంది, దూరంగా ఉన్న పిట్ట ఎంత ఖరీదైన లెన్సులోనైనా మసగ్గానే పడుతుంది. పైగా బిల్లులో గీజర్‌కని 150 వేశారు. నీళ్లు వేడెక్కనే లేదయ్యా అంటే, “స్విచ్ వేశారు కదండీ” అట!

దారిలో పెసరట్టు ఉప్మా 50 రూపాయలు, బాగుంది. బావ మాత్రం మాట్లాడకుండా తిన్నాడు.

కోరింగను 1978లో అభయారణ్యం చేశారు. మడ అడవిలో నడవడానికి చెక్క వంతెన ఉంది. నడకకి హాయిగా ఉంటుంది గానీ ఫొటోలకి వద్దు. వెనక ఎవరు నడిచినా చెక్కలు ఊగుతాయి, ట్రైపాడ్ పెట్టినా దండగే.

బోటుకి మా ఇద్దరికీ కలిపి 1,000 అయింది. ఇక్కడే మా అదృష్టం తిరిగింది. బోటు నడిపే పెద్దాయన చూడగానే, “పాటు మీదుందండి, నీళ్లు వెనక్కి పోతున్నాయి, బురద తేలింది, కొంగలు దిగుతాయి” అని ఇంజిను ఆపేసి గెడ వేశాడు. ఇంజిను వణుకు పోయింది, చప్పుడూ పోయింది. బావ బోటు అడుగున చతికిలబడ్డాడు. పైనుంచి తీస్తే పిట్ట వెనక బురదే వస్తుంది. పిట్ట కంటి ఎత్తుకి దిగితే దూరపు చెట్లు పచ్చగా కరిగిపోతాయి. మడ కొమ్మల్లో ఆటోఫోకస్‌కి అంతా అప్పజెబితే ముందున్న పుల్లనే పట్టుకుంటుంది, అందుకే ఒకే ఫోకస్ పాయింట్ పెట్టి దాన్ని పిట్ట కంటి మీద నిలిపాడు. నల్లతల లకుముకి ఒకటి వేరు మీద కూర్చుని ఉంది. ఎర్రటి ముక్కు చివర బురద చుక్క దాకా స్పష్టంగా వచ్చింది. అది చూస్తున్న వైపు ఫ్రేములో ఖాళీ వదిలాడు, లేకపోతే పిట్టని గోడకి నొక్కినట్టుంటుంది. తెల్ల కొంగలకి ఎక్స్‌పోజర్ మైనస్ 0.7, అంటే వెలుతురు కాస్త తగ్గించి తీయాలి, లేకపోతే ఈకల గీతలు పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. ఎగిరేవాటికి కెమెరా షట్టర్ స్పీడు 1/2000 సెకను కంటే తగ్గించకండి.

పెద్దాయనకి విడిగా 300 ఇచ్చాం, ఇంకా ఇచ్చినా తప్పులేదు. ఇంజిను ఆపుతారా అని ఎక్కకముందే అడగండి. పోటు, పాటు వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి కాబట్టి నిన్నటి టైము చూసుకుని ఇవాళ వెళ్లొద్దు.