‘ఐ బెటర్ పాస్ మై నైబర్’ జనరేటర్: మిషన్ మంచిదే, పెట్రోలుతోనే చిక్కు

లాగోస్‌కి ఉద్యోగం మీద వచ్చే మనవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే: "ఆ చిన్న జనరేటర్ ఒకటి కొని పడేయమంటారా?" పక్కింటివాడికంటే నేనే మేలు అన్న అర్థం వచ్చే ఈ ముద్దు పేరుతోనే నైజీరియా అంతా దాన్ని పిలుస్తారు. నేను గోడౌన్‌లో లెక్కలు చూసేవాణ్ణి. కాబట్టి ఈ రివ్యూలో అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి.

ముందు మిషన్ సంగతి. ఒంటి చేత్తో పట్టుకుని మెట్లెక్కొచ్చు. తాడు లాగితే స్టార్ట్ అవుతుంది. టూ స్ట్రోక్ ఇంజను కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి, మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది. ఒంటి మీద 950 అని రాసి ఉన్నా 600 వాట్లకు మించి నమ్ముకోకండి. ఫ్యాను, టీవీ, నాలుగు బల్బులు, ఫోన్ చార్జర్లు హాయిగా లాగుతుంది. ఫ్రిజ్ తగిలిస్తే మూలుగుతుంది, ఇస్త్రీ పెట్టె పెడితే ఆగిపోతుంది. ప్లగ్గు, తాడు, కార్బురేటర్ ఏ సందులో అడిగినా దొరుకుతాయి. మోత మాత్రం మామూలుగా ఉండదు. దీన్ని ఆరుబయట, కిటికీలకు దూరంగానే పెట్టాలి. లోపల పెట్టుకుని పడుకుని, ఆ పొగకు నిద్రలోనే పోయిన కుటుంబాల వార్తలు ఇక్కడ వస్తూనే ఉంటాయి.

ఇక ఖర్చు. టాంకులో దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది, ఐదారు గంటలు నడుస్తుంది. 2023 మే వరకు లీటరు పెట్రోలు 190 నైరాల (నైరా అంటే ఇక్కడి డబ్బు) చుట్టుపక్కల ఉండేది, అంటే టాంకు 800 లోపే. మే 29న బోలా టినుబు అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన రోజు ప్రసంగంలోనే పెట్రోలు సబ్సిడీ అయిపోయిందన్నారు. జులైకి లీటరు 617 అయింది. 2024 అక్టోబరుకి వెయ్యి అటూ ఇటూ. ఆ ధరకి టాంకు నాలుగు వేలు, రోజుకొకటి చొప్పున నెలకు 1,20,000. అదే ఏడాది పెంచిన కనీస వేతనం 70,000 నైరాలు!

ఇంకోలా చూడండి. ఒక టాంకుకు వచ్చే కరెంటు మూడు యూనిట్లు అనుకుంటే యూనిట్ 1,300 నైరాలు దాటుతుంది. 2024 ఏప్రిల్‌లో బ్యాండ్ ఏ (రోజుకు 20 గంటల హామీ ఉన్న) గ్రిడ్ కరెంటును యూనిట్ 68 నైరాల నుంచి 225 చేసినప్పుడు ఊరంతా గోల పెట్టింది. ఆ గోల పెట్టినవాళ్లలో చాలామంది ఇంటి వెనక అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన కరెంటు తయారవుతోంది.

ఇంత దండగ లెక్క ఇన్నేళ్లు ఎలా సాగిందంటే, పెట్రోలు చవక కాబట్టి. 1956లో ఒలోయిబిరిలో చమురు పడ్డ దేశం ఇది. పోర్ట్ హార్కోర్ట్, వారీ, కడునాల్లో సర్కారు రిఫైనరీలు ఉన్నాయి, కలిపి రోజుకు 4,45,000 బ్యారెళ్ల సామర్థ్యం. అవి ఏళ్ల తరబడి మూలన పడ్డాయి. ముడి చమురు అమ్ముకుని, పెట్రోలు దిగుమతి చేసుకుని, నష్టానికి జనానికి పోశారు. ఒక్క 2022లోనే ఆ నష్టం 4 లక్షల కోట్ల నైరాలు దాటింది. ఆ చవక పెట్రోల్లో కొంత సరిహద్దు దాటి పక్క దేశం బెనిన్ వెళ్లి, అక్కడి కోటోనూ నగరంలో రోడ్ల పక్క సీసాల్లో అమ్ముడుపోయేది.

అది ఆపాల్సిందే, నాకు అనుమానం లేదు. కానీ సర్కారు ఇవ్వలేని కరెంటుకు ఆ చవక పెట్రోలే నష్టపరిహారం అన్న సంగతి ఎవరూ లెక్కలో వేసుకున్నట్టు లేదు. 2012 జనవరిలో అప్పటి అధ్యక్షుడు గుడ్‌లక్ జోనాథన్ సబ్సిడీ తీసేసి రాత్రికి రాత్రి లీటరు 65 నుంచి 141 చేస్తే జనం రోడ్ల మీదికొచ్చారు, చివరికి సర్కారు 97కి తగ్గింది. ఆ తర్వాత చేతిలో పదకొండేళ్లున్నాయి. 2013లో కరెంటు పంపిణీని ప్రైవేటుకిచ్చినా, 20 కోట్లు దాటిన జనానికి గ్రిడ్‌లో పారేది ఇప్పటికీ 4,000–5,000 మెగావాట్లే. ప్లాంట్లు ఎక్కువ శాతం గ్యాస్‌వి. గ్యాస్ కంపెనీలకు బకాయిలు కట్టరు కాబట్టి గ్యాస్ రాదు, అదే సమయంలో చమురు తీసే నైజర్ డెల్టాలో గ్యాస్ ఊరికే మండిపోతూ ఉంటుంది. ముందు కరెంటు బాగుచేసి తర్వాత సబ్సిడీ తీస్తే ఈ మిషన్లు వాటంతటవే అటకెక్కేవి. అది చేయకపోగా 2023 జూన్‌లో నైరా విలువను కూడా మార్కెట్‌కి వదిలేశారు. 460 దగ్గరున్న డాలరు ఏడాదికల్లా 1,500కి చేరింది. ఇప్పుడు లాగోస్ పక్క లెక్కీలో రోజుకు 6,50,000 బ్యారెళ్ల ప్రైవేటు డాంగోటే రిఫైనరీ ఉన్నా, ముడి చమురు ధర డాలరుతో నడిచేది కాబట్టి బంకు దగ్గర పెద్ద ఊరట లేదు.

కాబట్టి ఎవరు కొనాలి? 20 గంటల కరెంటు హామీ ఉన్న బ్యాండ్ ఏ లైను మీద మీ ఇల్లుంటే అసలు వద్దు. 2024లో ఆ భాగ్యం మొత్తం కస్టమర్లలో 15 శాతానికే అనుకోండి, మా వీధికైతే లేదు. జీతం బాగానే వచ్చేవాళ్లు ఇన్వర్టర్, సోలార్ పలకలు పెట్టించుకోండి. మా సందు చివర మంగలి షాపులాంటి వాటికి ఇప్పటికీ ఇదే గతి. ఆ మంగలి గిరాకీ ఉన్నప్పుడే తాడు లాగుతాడు, లేనప్పుడు ఆపేస్తాడు. "ఓగా (అంటే సారూ), ఇప్పుడు కటింగ్ రేటు పెట్రోలును బట్టే," అని ముందే చెప్తాడు.

కొంటే మాత్రం ఆపేటప్పుడు స్విచ్ నొక్కకుండా పెట్రోలు కుళాయి కట్టేయండి. కార్బురేటర్‌లో మిగిలింది కాలిపోయి దానంతటదే ఆగుతుంది. లేకపోతే నాలుగు రోజుల తర్వాత తాడు లాగీ లాగీ భుజం పట్టేస్తుంది.