ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్: ఒక్క సిస్టమ్ ఉంటే ఓకే, నెట్‌వర్క్ డ్రైవ్ వాడేవాళ్లు జాగ్రత్త

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాది ఫొటో స్టూడియో. పెళ్లి ఆల్బమ్‌ల కోసం కిందటేడు కొన్న సాఫ్ట్‌వేర్ గురించి ఇది. పేరు రాయను, డీలర్ మనకు కావాల్సిన మనిషే.

డిజైన్ వరకు వంక పెట్టడానికి లేదు. 12×36 షీట్ మీద ఫొటోలు లాగి వదిలితే చాలు, చక్కగా సర్దుకుంటాయి. తెలుగు ఒత్తులు కూడా చెదరవు.

గొడవంతా ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉన్నప్పుడే. మావి మూడు సిస్టమ్‌లు, ఫొటోలన్నీ నాస్ బాక్స్‌లో (నెట్‌వర్క్‌తో అన్ని సిస్టమ్‌లకూ కలిపిన హార్డ్‌డిస్క్ పెట్టె), అందరికీ అదే జెడ్ డ్రైవ్. పద్ధతైన ప్రోగ్రామ్ ముందు ఒక తాత్కాలిక ఫైల్ రాసి, అది పూర్తయ్యాకే పాతదాని స్థానంలో పెడుతుంది. ఇదేమో పాత ఫైల్‌ను ఖాళీ చేసి అందులోనే కొత్తది రాస్తుంది. మధ్యలో కేబుల్ కదిలిందా, పాతదీ లేదు, కొత్తదీ లేదు. మిర్యాలగూడ పెళ్లి ఆల్బమ్ అట్లనే పోయింది. స్క్రీన్ మీద మాత్రం ‘సేవ్ అయింది’ అనే వచ్చింది! తెల్లారి మా డిజైనర్ “అన్నా, ఫైల్ సున్నా కేబీ చూపిస్తుందే” అన్నాడు. నాస్‌లో రాత్రి స్నాప్‌షాట్, అంటే ఫైళ్లు అప్పుడెట్లా ఉన్నాయో అట్లా దాచిన కాపీ, ఉండబట్టి బతికాం.

ఫైల్ లాక్ అసలే లేదు. ఎక్సెల్ షీట్ ఇంకొకరు తెరిచి ఉంటే మనకు చెప్తుంది కదా, ఇది చెప్పదు. ఇద్దరు ఒకే ఆల్బమ్ తెరిస్తే, ఆఖరున సేవ్ కొట్టినవాడిదే మిగులుతుంది. ఒకరు చేసిన హల్దీ పేజీలు ఇంకొకరి సేవ్‌తో మాయం.

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే “అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి సార్” అన్నారు. చేస్తే జెడ్ డ్రైవే కనిపించలేదు. మామూలుగా కలిపిన డ్రైవ్ అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రామ్‌కు కనిపించకపోవడం విండోస్‌లో ఎప్పటినుంచో ఉన్నదే, సపోర్ట్‌లో కూర్చున్నవాళ్లకు తెలియదా? తర్వాత “మీ నెట్‌వర్క్ స్లో” అన్నారు. గిగాబిట్ స్విచ్ మాది, అదే డ్రైవ్‌లోకి ఫొటోలు సెకనుకు 100 ఎంబీకి పైగా ఎక్కుతున్నాయి.

ఇప్పుడు ఆల్బమ్ ఫోల్డర్‌ను ఎవరి సిస్టమ్‌లోని ఎస్‌ఎస్‌డీ డిస్క్‌లోకి వాళ్లు దించుకుని, పనయ్యాక నాస్‌లోకి ఎక్కిస్తున్నాం. ఎవరి దగ్గరుందో తెలియడానికి ఫోల్డర్ పేరు చివర డిజైనర్ పేరు. డబ్బులు కట్టింది సాఫ్ట్‌వేర్‌కు, కాపలా మాది.

ఒక్క సిస్టమ్ స్టూడియోకు నాలుగు స్టార్లు, ఇద్దరు ముగ్గురు డిజైనర్లుంటే రెండే. కొనేముందు ట్రయల్ అడగండి. ఒక డూప్లికేట్ ఫైల్ నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టి, సేవ్ అవుతుండగా లాన్ వైరు పీకండి, డీలర్ ఎదురుగానే.