ఆల్చిప్పల డీఎన్ఏ సీక్వెన్సింగ్: మస్తు చేసిన్రు
మా హన్మకొండ నుంచి హైదరాబాద్‌ల ఒక సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాల వరుస చదివే) ల్యాబుకి కాకినాడ తీరం ఆల్చిప్పల శాంపిల్స్ పంపినం. కొత్త జాతి అని డౌటు. చిప్ప షేపు ఒక్కటే నమ్మలేం, ఉండే ఇసుకని బట్టి ఒకే జాతిల కూడ మారుతది, అందుకే లోపల కీలు దగ్గరి పండ్లు (దంతాల లెక్క ఉండే గట్లు), కండరం అతుక్కున్న మచ్చలు ముందే లెన్స్ కింద చూసుకున్నం. ల్యాబోళ్లే ఫోన్ చేసి, పునరుత్పత్తి భాగం వద్దు, కాలు ముక్క కోసి ఆల్కహాల్‌ల పంపుండ్రి అన్నరు, ఎందుకంటే కొన్ని ఆల్చిప్పల్ల మగవాటికి తండ్రి మైటోకాండ్రియా (కణంల సొంత డీఎన్ఏ ఉండే భాగం) కూడ వస్తది, పునరుత్పత్తి భాగంల అదే ఎక్కువ ఉంటది, అది చదివితే ఒకే జాతి రెండు జాతుల లెక్క కనిపిస్తది! ఇంత మంచిగ చెప్పేటోళ్లు దొరకరు. జాతిని గుర్తుపట్టనీకి వాడే మైటోకాండ్రియాల సీఓఐ జీన్‌ల 658 అక్షరాల ముక్కని రెండు దిక్కుల నుంచి చదివి, గ్రాఫ్ ఫైళ్లు కూడ ఇచ్చిన్రు. రిపోర్టు జర లేటు, రేటు స్టూడెంట్లకి ఎక్కువే, అయినా మళ్ల వీళ్లకే పంపుతం.