అడవిలో దారి తెలియాలంటే ఏది మేలు: ఫోనా, మ్యాపూ దిక్సూచీనా?

చేతిలో జీపీఎస్ ఉన్న ఫోన్ పెట్టుకుని, కాగితం మ్యాపు చదవడం నేర్చుకోవడం దేనికని కొత్తగా ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. "ఇప్పుడు నేనెక్కడున్నాను?" అన్నదానికి ఫోన్ చెప్పినంత చప్పున ఇంకేదీ చెప్పదు. ఆకాశం తేటగా కనబడే చోట తేడా దాదాపు 5 మీటర్లే. దానికి సెల్ సిగ్నల్ కూడా అక్కర్లేదు, ఉపగ్రహాల నుంచి నేరుగా అందుకుంటుంది. సెల్ సిగ్నల్ లేనప్పుడు తెర మీదికి రానిది మ్యాపు. అందుకే దాన్ని ముందే ఆఫ్‌లైన్‌లో దించుకుని, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, తెరుచుకుంటోందో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి.

ఇక ఇబ్బందులు. చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. వానలో తడిసిన తెర వేలి మాట వినదు. ఇరుకు లోయల్లో ఉపగ్రహ సిగ్నల్ కొండరాళ్లకు తగిలి మళ్లడంతో, తెర మీద మనమున్న చోటును చూపే చుక్క పక్కకు జరుగుతుంది. వీటన్నిటికన్నా నాకు పెద్దగా తోచే లోటు వేరు: అరచేతిలో పట్టే తెర మీద లోయ మొత్తం ఒక్క చూపులో కనబడదు. ఈ వాగు దాటాలా, కొండగట్టు మీదుగా చుట్టి వెళ్లాలా అని తేల్చుకోవడానికి ఆ మొత్తం చూపే కావాలి.

అది మ్యాపు ఇస్తుంది. కాంటూర్ గీతలు ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతాయి. గీతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే నిటారు వాలు, ఎడంగా ఉంటే మెల్లని వాలు. గీతల మొన ఎత్తువైపు తిరిగితే అది వాగు లేదా లోయ, పల్లంవైపు తిరిగితే కొండగట్టు. ఒక్క జాగ్రత్త: గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, 15 మీటర్ల కొండచరియ రెండు గీతల నడుమ కనబడకుండా దాగిపోవచ్చు. మ్యాపులో సాఫీగా ఉందని చీకట్లో అడ్డంగా దిగకూడదు.

దిక్సూచి మ్యాపు లేకుండా ఒంటరిగా పెద్దగా సాయపడదు. దాని ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. అసలు ఉత్తరానికీ దానికీ ఉన్న తేడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కూడా మారుతుంది. 1 డిగ్రీ తప్పితే కిలోమీటరుకు దాదాపు 17 మీటర్లు పక్కకు పోతాం. 10 డిగ్రీలైతే 175 మీటర్లు, అంటే పొగమంచులో వంతెన దొరకనట్టే. ఫోన్‌ను దిక్సూచి పక్కన పెట్టుకున్నా ముల్లు తప్పు చూపిస్తుంది.

చేతి జీపీఎస్ పరికరం గురించి రెండు ముక్కలు: బటన్లున్నదైతే గ్లౌజులతోనూ నొక్కవచ్చు, చాలావాటిలో బ్యాటరీలు మార్చుకోవచ్చు. తరచూ వెళ్లేవాళ్లకు మంచిదే. 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్, అంటే ఉపగ్రహాల ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం, దారి చూపదు, సాయం పిలుస్తుంది. దారి తెలిసినవాళ్లకూ కాలు విరగొచ్చు కాబట్టి మనుషుల్లేని చోటికి వెళ్తే అదీ ఉండాలి.

సంచిలో ఫోనూ ఉండాలి, మ్యాపూ దిక్సూచీ ఉండాలి. ముందు నేర్చుకోవాల్సింది మాత్రం నిస్సందేహంగా మ్యాపే. బాగా తెలిసిన బాటలో, పట్టపగలు మొదలుపెట్టండి. మలుపు మలుపునా ఆగి, ఎక్కడున్నారో మ్యాపు మీద వేలు పెట్టి చెప్పాకే ఫోన్ తీసి సరిచూసుకోండి. తేడా వస్తే ఏ గట్టును ఏ గట్టు అనుకున్నారో అక్కడే నిలబడి తేల్చుకోండి. వేలు, చుక్క వరసగా కలుస్తున్నాయన్న నమ్మకం కుదిరేదాకా బాట వదిలి లోపలికి వెళ్లొద్దు.