పేరడీ పాటల సభకు పై అంతస్తు గది: మూడు నెలల అనుభవం

విశాఖపట్నం ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక టిఫిన్ హోటల్ పై అంతస్తున గంటల లెక్కన అద్దెకిచ్చే గది ఉంది. పుట్టినరోజులకూ చీటీల లెక్కలకూ అపార్టుమెంటు సంఘాల సమావేశాలకూ వాడే ఆ గదిని మూడు నెలలుగా, నెలకొక ఆదివారం సాయంత్రం, మేము వేరే పనికి తీసుకుంటున్నాము. అమెరికా హాస్య గాయకుడు ‘వియర్డ్ ఆల్’ యాంకోవిక్ పాటలను కలిసి కూర్చుని వినడం, వాటి మూలాలను వెతకడం, చేతనైతే ఆ పద్ధతిలో తెలుగులో కట్టడం ఆ పని. లోపాలు కూడా చెబుతున్నాను కనుక హోటలు పేరు రాయడం లేదు. ఇటువంటి అభిమాన బృందాన్ని మన ఊళ్లో నడపాలనుకునేవారికి గదిలో ఏమి చూసుకోవాలో తెలియడమే ముఖ్యం.

గది ఎందుకని అడగవచ్చు. మొదట మేము ఐదుగురమే కనుక ఆర్.కె. బీచ్‌లో ఇసుక మీద చిన్న బ్లూటూత్ స్పీకరు పెట్టుకుని కూర్చున్నాము. గాలికీ అలల హోరుకీ మురీ మిక్స్చర్ బండ్ల పిలుపులకీ మధ్య తాళం మిగిలింది, మాట కొట్టుకుపోయింది. సినిమా పాటకైతే అది పెద్ద నష్టం కాదు, బాణీ చెవిన పడితే మిగిలినది మనసే పూరించుకుంటుంది. పేరడీలో బాణీ పాతదే, కొత్తదనమంతా మాటలోనే ఉంటుంది. జరుక్ శాస్త్రి పేరడీలను ఇష్టపడేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల గదిని నేను మాట వినపడే తీరును బట్టే తూస్తున్నాను, ఆ లెక్కన మొదటి నెల దానికి సగం మార్కులు కూడా పడవు. నేలంతా టైల్సు, గోడలకు నడుము ఎత్తు వరకు టైల్సు, రోడ్డు వైపు పెద్ద అద్దాల కిటికీ; చప్పట్లు కొడితే ఆ శబ్దం ఒక క్షణం గదిలోనే తిరుగుతుంది. యాంకోవిక్ 1979లో తన తొలి పేరడీని కళాశాల రేడియో స్టేషనుకు ఎదురుగా ఉన్న స్నానాల గదిలో, టైల్సు ఇచ్చే ఆ ప్రతిధ్వని కోసమే, ఎత్తుకుని వాయించే తిత్తి వాయిద్యమైన అకార్డియన్‌తో రికార్డు చేశాడు. పాడేవాడికి వరమైనది వినేవాడికి శాపమైంది. స్పీకరును మూల నుంచి తీసి, గోడకు రెండడుగులు ముందుకు, కూర్చున్నవారి చెవి ఎత్తుకు పెట్టిన తరువాత చాలా మెరుగుపడింది. పది మందికి పైగా కూర్చుంటే మనుషులూ బట్టలే కొంత ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి. రెండు ఏసీల్లో తలుపు దగ్గరది విపరీతమైన మోత చేస్తుంది కనుక పాట నడిచేటప్పుడు దానిని ఆపిస్తాము. విశాఖ ఉక్కపోతలో అది ఎంతటి త్యాగమో ఈ ఊరివారికి తెలుసు.

గోడకున్న టీవీ మాత్రం నిజంగా ఉపయోగపడింది. పాటల సాహిత్యాన్ని పెద్ద అక్షరాలతో తెరమీద చూపుతూ, ముందు మూలం, వెంటనే పేరడీ వినిపిస్తాము. మైకేల్ జాక్సన్‌తో మొదలుపెట్టడం మంచిదైంది, ఎందుకంటే ఆయన బాణీలు ఇక్కడ ఎవరికీ కొత్త కావు. 1984లో వాటిలో ఒకదానిని తిండి గోలగా మార్చిన పాటకు ఇంగ్లిషు అంతగా రానివారు కూడా నవ్వారు. ఆ తరువాతి కాలపు ర్యాప్ పేరడీల దగ్గర నవ్వు తగ్గింది. తప్పు పాటది కాదు, మూలాన్ని ఒక్కసారి విని అలవాటు చేసుకోవడం కష్టం. అందుకే ఇప్పుడు మూలాలను వారం ముందుగానే అందరికీ పంపుతున్నాము.

రెండవ నెలలో ఒక సభ్యుడి తండ్రిగారు, ఒకప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దాయన, కొడుకును తీసుకువెళ్లడానికి వచ్చి కూర్చుండిపోయారు. ఆ సమయంలో యాంకోవిక్ పోల్కా (యూరప్ నాట్య తాళం) గొలుసు పాట నడుస్తోంది. ఆనాటి హిట్ పాటలన్నిటినీ రెండు దెబ్బల పోల్కా నడకలోకి దించి ఉరికించడం 1984 నుంచి అతని ఆల్బమ్‌లలో దాదాపు ఆనవాయితీ. పెద్దాయన కాసేపు విని, “ఇది మన పెట్టేనండీ బాబూ, ఎత్తుకుని వాయిస్తున్నాడు, అంతే!” అన్నారు. ఆయన మాట నిజం. మన హార్మోనియంలోనూ అతని అకార్డియన్‌లోనూ తిత్తి గాలికి లోహపు నాలుకలే పలుకుతాయి. హార్మోనియానికి ఒక చెయ్యి తిత్తికి పోతే, అకార్డియన్‌లో తిత్తి రెండు చేతుల నడుమ ఉంటుంది. మరుసటి నెల ఆయన తన పెట్టెను తెచ్చారు. మాకు తెలిసిన పాత పాటల పల్లవులను పోల్కా నడకలో వాయిస్తే మేము పాడాము. ఆ సాయంత్రం పద్నాలుగు మందిమి ఉన్నాము, కింది అంతస్తు మేనేజరు మెట్ల దగ్గర నిలబడి, “ఏటండీ ఈ పాటలు, నవ్వాగట్లేదు” అన్నారు.

ఆ మేనేజరే మొదటి నెలలో సంగీతానికి లైసెన్సు ఉందా అని అడిగారు, అడగవలసిన ప్రశ్నే. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, లాభాపేక్ష లేని క్లబ్బు తన కార్యక్రమాలలో భాగంగా రికార్డులు వినిపించుకోవడాన్నీ, ఔత్సాహికుల సంఘం డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు ప్రదర్శించడాన్నీ ఉల్లంఘనగా లెక్కించదు. టిక్కెట్టు పెట్టే ఆలోచనను అందుకే మొదట్లోనే వదిలేశాము. యాంకోవిక్ అయితే చట్టం ఎలా ఉన్నా మూల కళాకారుడి అనుమతి అడిగే పేరడీ కడతాడు. అమెరికా గాయకుడు ప్రిన్స్ ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు, అతనూ కట్టలేదు.

అద్దె గంటకు 350 రూపాయలు, కనీసం రెండు గంటలు తీసుకోవాలి. పద్నాలుగు మందికి తలా 50 రూపాయలు పడుతుంది, టిఫిన్ ఖర్చు ఎవరిది వారిదే. పునుగులు వేడిగా వస్తాయి, కాఫీ మామూలుగా ఉంటుంది. గాజువాక నుంచి వచ్చేవారికీ మధురవాడ నుంచి వచ్చేవారికీ బస్సు దిగి నడిచి రాగలిగిన చోటు కావడం అన్నిటికంటే పెద్ద సౌకర్యం. మెట్లు మాత్రం ఇరుకు, లిఫ్టు లేదు, హార్మోనియం పెట్టెను ఇద్దరు పట్టి ఎక్కించవలసి వచ్చింది.

నా అసలు ఫిర్యాదు ముహూర్తాల రోజుల గురించి. రెండవ నెలలో కింద నిశ్చితార్థం విందు ఉందని ఇరవై నిమిషాల ముందే గది ఖాళీ చేయించారు, అద్దెలో ఒక్క రూపాయి తగ్గించలేదు. ఇప్పుడు పంచాంగం చూసి తేదీ పెట్టుకుంటున్నాము, అడ్వాన్సు ఇచ్చేటప్పుడే వేళను రసీదు మీద రాయించుకుంటున్నాము. వచ్చే నెల రెండవ ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు గది మా పేరిట రాసి ఉంది. కిటికీ అద్దాల మీద వేయడానికి మందపాటి దుప్పట్లు ఇంటి నుంచి మేమే తీసుకువెళ్తున్నాము.